టర్బోకు ఒక్క నిమిషం

సిద్దిపేటలో పెళ్లికి పోయి వస్తున్నాం. బండి మా తమ్ముడి కొడుకుది, స్టీరింగూ వాడిదే. రాజీవ్ రహదారి మీద తుర్కపల్లి దాటాక చాయ్ హోటల్ కనబడింది. నూటికి తగ్గని స్పీడులోంచి బ్రేకు కొట్టి, ఎడమకు తిప్పి, బండి నిలబడీ నిలబడకముందే వాడి వేలు స్టాప్ బటన్ మీదికి పోయింది. చెయ్యి పట్టుకున్నాను.

'ఒక్క నిమిషం నడవనియ్‌రా.'

'ఏసీ కోసమా పెద్దనాయిన?'

'ఏసీ కోసం కాదు, టర్బో కోసం.'

వాడు బీటెక్, అందులోనూ మెకానికల్. జీనోమ్ వ్యాలీలో ఒక మందుల కంపెనీలో మెషీన్ల మెయింటెనెన్స్ చూస్తాడు. వెనక డిక్కీ మీద 'టర్బో' అని రాసి ఉందనే ఆ బండి కొన్నాడు, దానికోసం మామూలు మోడల్ కంటే లక్ష రూపాయలకు పైనే ఎక్కువ కట్టాడు. ఆ టర్బో బానెట్ కింద ఏ మూలనుందో మాత్రం ఆ రోజు దాకా చూడలేదు. చాయ్ చప్పరిస్తూ ఇంకో కబురు చెప్పాడు. 'వచ్చే వారం స్టేజ్ వన్ చేయిస్తున్న పెద్దనాయిన. మేడ్చల్ హైవే మీద ఒకడున్నడు. ల్యాప్‌టాప్ పెట్టి నలభై నిమిషాల్ల చేస్తడు. ముప్పై హార్స్ పవర్ పెరుగుతదట.'

ఈ వ్యాసం ఆ 'అట' గురించి.

నేను రైల్వేవాణ్ని. మౌలాలి డీజిల్ షెడ్డులో ముప్పై ఒక్క ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. అందులో సగానికి పైగా టీఎస్‌సీ సెక్షన్‌లోనే గడిచింది. టీఎస్‌సీ అంటే టర్బో సూపర్ ఛార్జర్. కాగితాల మీద అంత పేరు, మా నోళ్లలో మాత్రం ఉత్త టర్బో. కారు టర్బో రెండు చేతుల్లో ఇముడుతుంది. మాది క్రేనుకు తగిలిస్తే తప్ప కదిలేది కాదు. లోపలి కథ రెంటికీ ఒకటే.

మా మేడ్చల్ వైపు యాభై దాటినవాళ్లు టర్బో పేరు వినకపోయినా దాని పనితనం కళ్లారా చూసినవాళ్లే. స్టేషన్‌లోంచి గూడ్సు బండి కదిలేటప్పుడు ఇంజిన్ నెత్తి మీద నల్లటి పొగ కుప్పలా లేచేది. అప్పుడే దండెం మీద బట్టలు ఆరేసిన ఆడవాళ్లు డ్రైవరును తిట్టిపోసేవాళ్లు. కాసేపటికి పొగ పలచబడి, సన్నటి ఈల మొదలయ్యేది. ఈల వచ్చిందంటే బండి ఊపందుకున్నట్టే. ఆ పొగకూ ఈలకూ నడుమ ఉన్న ఆలస్యాన్నే ఇప్పుడు కుర్రాళ్లు 'టర్బో ల్యాగ్' అంటున్నారు. డ్రైవరు నాచ్ (యాక్సిలరేటర్ మెట్టు) పెంచగానే డీజిల్ ఎక్కువ పోతుంది, దానికేం ఆలస్యం లేదు. గాలి రావాలంటే టర్బో తిరగాలి. టర్బో తిరగాలంటే వెనకనుంచి వేడి పొగ బలంగా తన్నాలి. ఆ తన్నుడు అందేదాకా గాలి చాలదు, చాలక డీజిల్ సగం కాలి మసిగా బయటికొస్తుంది. డ్రైవరును తిట్టిన ఆడవాళ్లకు ఇదంతా చెప్పి ఒప్పించడం నావల్ల కాలేదు. 2023 ఏప్రిల్‌లో మేడ్చల్‌కు ఎంఎంటీఎస్ వచ్చింది. కరెంటు బండి, పొగా లేదు, ఈలా లేదు. బట్టలకు మంచిదే. నాకు మాత్రం స్టేషన్ మూగబోయినట్టుంటుంది.

టర్బో అంటే ఏమిటని మా వాడికి హోటల్ బల్ల మీదే చెప్పాను. కమ్మరి కొలిమి గుర్తు తెచ్చుకోరా అన్నాను. బొగ్గులు ఎన్ని పోసినా తిత్తి ఊదితేనే ఇనుము ఎర్రబడుతుంది. తిత్తి నొక్కడానికి ఒక మనిషి కావాలి. అదే కొలిమిలోంచి లేచే పొగే ఆ తిత్తిని నొక్కితే? అదే టర్బో. ఒక ఇరుసుకు రెండు కొసల్లో రెండు చక్రాలు. ఒకదాన్ని ఇంజిన్ వదిలేసిన పొగ తిప్పుతుంది. ఇరుసు ఒకటే కాబట్టి రెండోదీ తిరిగి, బయటి గాలిని పీల్చి, ఒత్తి, ఇంజిన్‌లోకి కుక్కుతుంది. పొగ గొట్టంలోంచి ఊరికే పోయే శక్తికి పని దొరికింది. స్విట్జర్లాండ్ ఇంజినీరు ఆల్ఫ్రెడ్ బూషీ 1905లోనే దీనికి పేటెంట్ తీసుకున్నాడు. ఆలోచన అంత పాతది. పట్టాలెక్కడానికి, రోడ్డెక్కడానికి మాత్రం దశాబ్దాలు పట్టింది, ఆ వేడిని తట్టుకునే లోహం దొరకాలి కదా.

గాలి ఎంత కావాలో లెక్క చూడండి. నా పాత కారుది 1248 సీసీ డీజిల్ ఇంజిన్. ఫియట్ డిజైన్, మన దేశంలో మారుతి, టాటా కూడా వాడుకున్నాయి. ఫోర్ స్ట్రోక్ కాబట్టి రెండు చుట్లకు ఒకసారి ఊపిరి పీలుస్తుంది. 2000 ఆర్‌పీఎం దగ్గర, టర్బో లేదనుకుంటే, నిమిషానికి 1248 లీటర్ల గాలి. మిద్దె మీది నల్ల సింటెక్స్ ట్యాంకు వెయ్యి లీటర్లది. నిమిషానికో ట్యాంకూ పావు అన్నమాట. టర్బో మన వాతావరణ పీడనానికి మరో అంత జోడించిందంటే అదే ఇంజిన్ దాదాపు రెట్టింపు గాలి మింగుతుంది. గాలి ఎంతుంటే డీజిల్ అంత కాలుతుంది, డీజిల్ ఎంత కాలితే లాగుడు అంత. టర్బో తనంత తాను పవర్ పుట్టించదు, ఇంకాస్త ఇంధనం కాలడానికి చోటు చేస్తుందంతే.

ఎత్తు మీద దాని విలువ ఇంకా బాగా తెలుస్తుంది. 1918లో అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ ఇంజినీరు శాన్‌ఫర్డ్ మాస్ ఒక విమానం ఇంజిన్‌ను 14 వేల అడుగుల పైక్స్ పీక్ కొండ మీదికి లారీలో ఎక్కించాడు. కింద 350 హార్స్ పవర్ ఇచ్చిన ఇంజిన్ కొండ మీద 230కి పడిపోయింది. టర్బో తగిలిస్తే 356కి వచ్చింది. మనం ఉన్నదీ సముద్రం పక్కన కాదు, దక్కను పీఠభూమి మీద. బందరులో కంటే ఇక్కడ గాలి అయిదారు శాతం పలచన. మామూలు ఇంజిన్‌కు ఆ నష్టం తప్పదు. టర్బో కొంచెం ఎక్కువ తిరిగి పూడ్చేస్తుంది.

ఇక అసలు సంగతికి వస్తాను. మా వాడి ముప్పై హార్స్ పవర్.

మన రైల్వేలో ఎక్కువ కాలం సేవ చేసిన డీజిల్ ఇంజిన్ డబ్ల్యూడీఎం-2. అమెరికా ఆల్కో కంపెనీ డిజైన్, 1964 నుంచి వారణాసిలో తయారైంది. పదహారు సిలిండర్లు, ఒక్కో సిలిండర్ దాదాపు 11 లీటర్లు. మా వాడి కారు ఇంజిన్ మొత్తం కలిపి ఒక్క లీటరు. ఆ ఆల్కో ఇంజిన్ 2600 హార్స్ పవర్. తర్వాత అదే ఇంజిన్‌ను 3100కు పెంచారు, పేరు డబ్ల్యూడీఎం-3ఎ. సిలిండర్ల సంఖ్య మారలేదు, కొలత మారలేదు. బయటినుంచి చూసినవాడు 'టర్బో మార్చి 500 లాగారు' అనుకుంటాడు. షెడ్డులో విప్పి బిగించినవాళ్లం మేం, ఏమేం మారాయో మాకు తెలుసు. టర్బో మారింది, నిజమే. దానితో పాటు ఒత్తిన గాలిని చల్లబరిచే ఆఫ్టర్ కూలర్ పెద్దదయింది. క్యామ్ షాఫ్ట్ మారింది. డీజిల్ పంపు 15 మిల్లీమీటర్లది పోయి 17 వచ్చింది. పిస్టన్లకు స్టీలు టోపీలు పెట్టారు, ఎందుకంటే ఆ కొత్త వేడికి పాత పిస్టన్ నిలవదు. లక్నోలోని రైల్వే పరిశోధన సంస్థ ఆర్‌డీఎస్‌ఓ ఇంజినీర్లు ఏళ్ల తరబడి టెస్ట్ బెడ్ మీద నడిపి చూశాకే అవి లైన్ మీదికి వచ్చాయి. 2600కు 500 అంటే అయిదో వంతు కూడా లేదు.

మా వాడి బండిది 120 హార్స్ పవర్. దాని మీద 30 అంటే నాలుగో వంతు. దానికి మా వాడి బండిలో మారేది ఏమిటి? సాఫ్ట్‌వేర్. పిస్టన్లు అవే, రాడ్లు అవే, క్లచ్ అదే, గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ అదే. ల్యాప్‌టాప్ లోపలికి వెళ్లి టర్బోను ఇంకాస్త గట్టిగా ఊదమంటుంది, నాజిళ్లను ఇంకాస్త పొయ్యమంటుంది. అంతటితో అయిపోయింది. నలభై నిమిషాలు కూడా ఎక్కువే.

కంపెనీవాడు కొంత మార్జిన్ ఉంచుతాడు కదా, దాన్ని వాడుకుంటే తప్పేంటని మా వాడి వాదన. నిజమే, మార్జిన్ ఉంటుంది. అది ఎవరికోసం ఉంచాడు? మే నెలలో 42 డిగ్రీల ఎండకు, ఏసీ ఫుల్లు పెట్టి, అయిదుగురు ఎక్కి, మారుమూల బంకులో పోయించిన పెట్రోలుతో ఘాట్ ఎక్కే మనిషి కోసం. ఇంటర్‌కూలర్‌కు చల్లటి గాలి తగలని రోజు కోసం. మన బంకుల్లో దొరికే మామూలు పెట్రోలు ఓర్పుకు ఒక హద్దుంది. ఒత్తిడి పెంచిన కొద్దీ అది స్పార్క్ మంట తన దాకా రాకముందే తనంతట తానే అంటుకోవాలని చూస్తుంది. లోపల సుత్తితో కొట్టినట్టు చప్పుడు. దాన్ని నాకింగ్ అంటారు. కంప్యూటర్ పసిగట్టి పవర్ తగ్గిస్తుంది. అంటే ఎండాకాలంలో మీరు డబ్బిచ్చి కొన్న 30 మీకు దక్కదు. కంప్యూటర్ పసిగట్టకుండా ఆ ల్యాప్‌టాప్ వాడు దాని చెవులు మూశాడా, పిస్టన్ పోతుంది.

ఇంకో చిన్న లెక్క. మేడ్చల్ నుంచి శామీర్‌పేట వైపు ఔటర్ రింగ్ రోడ్డు మీద గరిష్ఠ వేగం 120. చదును రోడ్డు మీద చిన్న కారును ఆ వేగంలో నిలపడానికి సుమారు 40 హార్స్ పవర్ చాలు. మిగతా ఎనభై ఓవర్‌టేక్ చెయ్యడానికి, ఎత్తు ఎక్కడానికి. ఇప్పటికే ఉన్నదాంట్లో మూడింట రెండొంతులు మూటగట్టి ఉంది. ఆదివారం తెల్లవారుజామున ఆ రోడ్డు మీద ఈలలేసుకుంటూ పోయే కుర్రాళ్లకు ఈ లెక్క చెప్పేవాళ్లు లేరు.

నన్ను టర్బో వ్యతిరేకి అనుకోకండి, దాని అన్నం తిన్నవాణ్ని. చిన్న ఇంజిన్‌కు టర్బో పెట్టడం మంచి ఇంజినీరింగే. ఒకే కంపెనీ ఒకే బండిని రెండు ఇంజిన్లతో అమ్ముతుంది. 1.2 లీటర్ల మామూలు ఇంజిన్‌కు లాగుడు 114 న్యూటన్ మీటర్లు, అదీ 4000 చుట్ల దగ్గర. 1 లీటరు టర్బోకు 172, అదీ 1500 దగ్గరనుంచే. రాజీవ్ రహదారి మీద బోర్‌వెల్ లారీ వెనక పడి, సందు చూసి దాటాల్సినప్పుడు ఆ తేడా ప్రాణం కాపాడే తేడా. ఇంజిన్లు ఎందుకు చిన్నవయ్యాయంటే, మన పన్ను అలా ఉంది. నాలుగు మీటర్ల లోపు పొడవు, పెట్రోలైతే 1200 సీసీ లోపు ఉంటే చిన్న కారు. 2025 సెప్టెంబర్ 22 నుంచి వాటికి జీఎస్టీ 18 శాతం, దాటితే 40. సీసీ పెంచలేని కంపెనీ గాలి పెంచుకుంది. సర్కారు పన్ను వేసేది సిలిండర్ కొలత మీదే గానీ గాలి మీద కాదు కదా.

గొడవంతా టర్బో బండి అమ్మి, టర్బో పాఠం చెప్పకపోవడం దగ్గర. షోరూంలో సీటు లెదర్ గురించి అరగంట చెబుతారు. ఆపే ముందు ఒక నిమిషం ఆగమని ఎవరైనా చెప్పారా? ఎందుకు ఆగాలో మా వాడికి చెప్పింది మీకూ చెబుతాను. ఆ ఇరుసు పెన్సిలంత లావు. నిమిషానికి లక్షన్నర, రెండు లక్షల చుట్లు తిరుగుతుంది. బాల్ బేరింగులు సాధారణంగా ఉండవు, ఆయిల్ పొర మీద తేలుతూ తిరుగుతుంది. ఆ ఆయిల్‌ను తెచ్చి పోసేది ఇంజిన్ పంపు. పెట్రోలు బండి పొగ తొమ్మిది వందల డిగ్రీలు కూడా దాటుతుంది. హైవే మీద గట్టిగా లాగించి టక్కున ఆపితే పంపు ఆగుతుంది. ఎర్రగా కాగిన చక్రం పక్కన ఆయిల్ ఎక్కడిదక్కడ నిలబడిపోయి పెనం మీద నూనెలా మాడి, బొగ్గు పొరై కూర్చుంటుంది. ఒక్క రోజుకు ఏమీ కాదు. అయిదేళ్లకు ఆయిల్ వచ్చే సన్న పైపు పూడిపోతుంది.

కొత్త పెట్రోలు బండ్లలో బేరింగ్ చుట్టూ నీళ్లు తిరుగుతాయి, కొన్నిటిలో ఇంజిన్ ఆగాక కూడా చిన్న మోటారు ఆ నీళ్లను తిప్పుతుంది. కాబట్టి నిమిషం అక్కర్లేదని వాదించేవాళ్లున్నారు. ఊళ్లోకి వచ్చి గల్లీల్లో మెల్లగా తిరిగి ఇంటికి చేరేసరికి టర్బో ఎలాగూ చల్లారుతుంది, అప్పుడు నిజంగానే అక్కర్లేదు. ప్రమాదమంతా హైవే పక్క హోటళ్ల దగ్గరే. ఆల్కోల తర్వాత రైల్వేకు వచ్చిన జనరల్ మోటార్స్ డిజైన్ ఇంజిన్లలో ఒక ఏర్పాటుంది. ఇంజిన్ ఆపాక టర్బోకు ఆయిల్ అందించడానికే ఒక పంపు విడిగా 35 నిమిషాలు తిరుగుతుంది. నాలుగు వేల హార్స్ పవర్ ఇంజిన్ చేసినవాడు టర్బోకు ముప్పై అయిదు నిమిషాలు ఇచ్చాడు, మనం ఒక్కటి ఇవ్వలేమా?

ఇంతా చెప్పే నేను నా బండి దగ్గర దద్దమ్మనయ్యాను. ఆ 1248 సీసీ కారును సెకండ్ హ్యాండ్‌లో కొన్న మూడో ఏడు పికప్ పడిపోయింది, సైలెన్సర్‌లోంచి నీలం పొగ. రిటైరైనవాణ్ని, మోకాళ్ల నొప్పులు, ఎవరు వంగుతారని దగ్గర్లోని ఒక షెడ్డులో ఇచ్చేశాను. 'టర్బో పోయింది సార్' అన్నాడు. కొత్తది వేశాడు, 28 వేలు. నాలుగు నెలలకు అదీ పోయింది. అప్పుడు సిగ్గొచ్చి, చొక్కా విప్పి నేనే దిగాను. ఆయిల్ వచ్చే సన్న పైపు ఊడదీసి నోటితో ఊదితే గాలి దాటలేదు. సైకిల్ పుల్ల గుచ్చితే బొగ్గు పొడి రాలింది. మొదటి టర్బోను చంపిన పైపుకే రెండో టర్బోను కట్టాడన్నమాట. వాణ్ని అని ఏం లాభం, వాడికి నేర్పినవాడు లేడు. నేర్చిన నేను బానెట్ ఎత్తలేదు.

మా సెక్షన్‌లో అలా జరగనిచ్చేవాళ్లు కాదు. టర్బో పోయిందంటే ముందు దాన్ని చంపింది ఎవరో తేలాలి. ఆయిలా, ఫిల్టరా, వాల్వు ముక్క ఊడి వచ్చి చక్రానికి తగిలిందా? అది తేలకుండా కొత్తది బిగిస్తే ఛార్జిషీటే. ఇంకో పరీక్ష ఉండేది, నాకు బాగా ఇష్టమైంది. ఇంజిన్ ఆపేసి, టర్బో పక్కన చెవి పెట్టి, గడియారం చూస్తూ నిలబడాలి. ఆ చక్రం తన జోరు మీద తాను తిరుగుతూ, ఈల సన్నబడుతూ సన్నబడుతూ ఆగేదాకా లెక్కపెట్టాలి. ఒకటిన్నర నిమిషం నుంచి మూడు నిమిషాల లోపు ఆగితే ఆరోగ్యం. ముందే టక్కున ఆగిందంటే బేరింగ్ పట్టేస్తోందని అర్థం. మిషన్లేవీ అక్కర్లేదు, చెవీ గడియారమూ చాలు. కొత్తగా వచ్చిన కుర్రాళ్లను పిలిచి ముందు ఆ ఈల వినిపించేవాణ్ని.

చెడిన టర్బో ఎంత దూరం పోగలదో చూడని వాళ్లకు ఒక సంగతి చెప్పాలి. ఎనిమిదేళ్ల కింద మేడ్చల్ చెక్‌పోస్ట్ దగ్గర ఒక డీసీఎం ఆగి ఉంది. డీసీఎం అనేది ఒకప్పుడు కంపెనీ పేరు, ఇక్కడ ఆ సైజు వ్యాన్లన్నిటికీ అదే పేరు. ఇంజిన్ కీచుమని అరుస్తోంది, రోడ్డంతా తెల్లటి పొగ, ముందు ఏముందో కనబడటం లేదు. డ్రైవరు కిందే నిలబడ్డాడు, తాళంచెవి వాడి చేతిలో ఉంది. తాళం చేతిలో ఉండగా ఇంజిన్ అలా గొంతు చించుకోవడం చూసి జనం దెయ్యం పట్టిందన్నారు. ఒక ముసలి క్లీనర్ తడి గోనెసంచీని చెక్కపలకకు చుట్టి, ఎయిర్ ఫిల్టర్ పైపు ఊడబీకి, దాని మూతికి అదిమిపట్టాడు. నాలుగైదు సెకన్లు. ఇంజిన్ ఉక్కిరిబిక్కిరై దబ్బుమని ఆగింది. డ్రైవరు అప్పటికీ తాళంచెవిని అలాగే పట్టుకుని చూస్తున్నాడు.

జరిగిందేమిటంటే, టర్బో సీలు పోయి ఇంజిన్ ఆయిల్ గాలి గొట్టంలోకి కారింది. డీజిల్ ఇంజిన్‌కు స్పార్క్ అక్కర్లేదు, వేడి గాలిలో ఏ నూనె పడ్డా కాలుతుంది. అది తన ఆయిల్‌ను తానే తాగుతూ పరిగెత్తింది. తాళం ఆపేది డీజిల్‌ను మాత్రమే. గేరు బండి అయితే టాప్ గేరులో వేసి, బ్రేకు గట్టిగా తొక్కిపట్టి, క్లచ్ వదిలి ఆపాలి. లేదా గాలి మూయాలి, అదీ చేత్తో మాత్రం వద్దు. ఆ ముసలాయనకు ఈ విద్య ఏ స్కూల్లో వచ్చిందో గానీ, మా వాడి బీటెక్‌లో మాత్రం లేదు.

చట్టం మాట కూడా చెప్పి ఊరుకుంటాను. తయారీదారు ఇచ్చిన స్పెసిఫికేషన్లు దాటి బండిని మార్చరాదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అంటుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దాన్ని గట్టిగా సమర్థించింది. అదే ఏడు వచ్చిన సవరణతో యజమానికి ఆరు నెలల దాకా జైలు గానీ, ఒక్కో మార్పుకు అయిదు వేల జరిమానా గానీ, రెండూ గానీ పడొచ్చు. అయినా హైవే మీద బోర్డులు పెట్టి మరీ స్టేజ్ వన్, స్టేజ్ టూ అని అమ్ముతున్నారు. జైలుకు పంపమని నేను అనను. పట్టుకుని భయపెట్టే కంటే నేర్పడం తేలిక.

నేర్పడానికి సరంజామా కూడా ఉంది. కరెంటు లైన్లు వచ్చాక ఆల్కో ఇంజిన్లు ఒక్కొక్కటే పక్కకు తప్పుకుంటున్నాయి. వాటితో పాటు టర్బోలూ తుక్కు వేలంలో తూకానికి పోతున్నాయి. మేము ట్రైనింగ్‌కు పోయినచోట సగానికి కోసిన టర్బో ఒకటి బల్ల మీద ఉండేది. ఆయిల్ దారికి పసుపు రంగు, గాలి దారికి నీలం, పొగ దారికి ఎరుపు. చేత్తో తిప్పితే రెండు చక్రాలూ కలిసి తిరిగేవి. పుస్తకంలో పది పేజీలు చదివినా రానిది అరగంటలో వచ్చేది. కండ్లకోయ, మైసమ్మగూడ, దుండిగల్ వైపు ఎన్ని ఇంజినీరింగ్ కాలేజీలున్నాయో లెక్కలేదు. ఐటీఐల్లో మెకానిక్ డీజిల్ ట్రేడు ఏడాది కోర్సు ఉంది. తుక్కుకు పోయే టర్బోల్లో ఒక్కొక్కటి ఒక్కో కాలేజీకి, ఒక్కో ఐటీఐకి ఇస్తే రైల్వేకు పోయేదేమీ లేదు. ప్రిన్సిపాళ్లు ఒక ఉత్తరం ముక్క రాయాలి, అధికారులు ఒక సంతకం పెట్టాలి. కోసి, రంగులేసి, చెప్పడానికి మాలాంటి రిటైరైనవాళ్లం ఉన్నాం. జీతం అడగం, చాయ్ చాలు.

మా వాడు స్టేజ్ వన్‌ను వాయిదా వేశాడు, మానుకున్నట్టు లేదు. ఆ రోజు ఇంటికొచ్చాక బానెట్ ఎత్తించి టర్బోను చూపించాను. ఎయిర్ ఫిల్టర్ తీసి దులిపితే సిమెంటు బస్తా దులిపినట్టు దుమ్ము లేచింది. ఇంటర్‌కూలర్ హోస్ క్లిప్ ఒకటి వదులుగా ఉంది. ఫిల్టర్ మార్చి, క్లిప్ బిగించాక వాడు మేడ్చల్ దాకా పోయివచ్చి, 'పెద్దనాయిన, బండి తేలికైంది' అన్నాడు. ఫిల్టర్ ధర ఆరు వందలు.

మీ ఇంట్లోనూ అలాంటి కుర్రాడుంటే కోప్పడకండి. ల్యాప్‌టాప్ తీసేవాణ్ని ఒక్క ప్రశ్న అడగమనండి: ఆర్‌డీఎస్‌ఓ వాళ్లు అయిదో వంతు పెంచడానికే పిస్టన్లు, పంపు, కూలర్ మార్చారు, నువ్వు నాలుగో వంతు పెంచుతూ ఏం మారుస్తున్నావు? జవాబు రాకపోతే తాళంచెవి తీసుకుని ఇంటికి వచ్చెయ్యమనండి.